గౌడా ప్రైమ్ తరువాత: ముగిసిన కథను కొనసాగించే నవల

ఒకరు ముగించిన రచనను మరొకరు కొనసాగిస్తే ఆ కొనసాగింపును ఏ దృష్టితో చూడాలి? మన విమర్శ ఈ ప్రశ్నను అంతగా పట్టించుకోలేదు. పట్టించుకున్నప్పుడు కూడా రెండు మాటలతో తేల్చివేసింది. మూలరచయితకున్న ప్రతిభ కొనసాగించినవారికి లేదనడం ఒకటి. పేరు పడిన సరుకును మార్కెట్టు మళ్లీ అమ్ముకుంటున్నదనడం రెండవది. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. కాని ఈ రెండు మాటల మధ్య ఒక మనిషి తప్పిపోతున్నాడు. అతడు పాఠకుడు. కథ ముగిసిందని రచయిత చెప్పినా నమ్మక, ‘ఆ తరువాత ఏమైంది?’ అని అడిగేవాడు అతడు. కొనసాగింపు నవల చేతికి వచ్చినప్పుడు, ‘ఇది కాదు జరిగింది’ అని దానితో తగవు పెట్టుకునేవాడూ అతడే. ఈ వ్యాసంలో నేను ఆ తగవును గురించి చెప్పదలచుకున్నాను.

ఉదాహరణకు తీసుకున్నది ఒక బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టెలివిజన్ ధారావాహిక, దాని ముగింపు తరువాతి కథగా వచ్చిన ఒక నవల, ఆ నవల చుట్టూ అభిమానులు నడిపిన చర్చ. రాకెట్లూ, మాట్లాడే యంత్రాలూ ఉన్న కథ మన పత్రికలో చర్చించదగినదేనా అని కొందరు మిత్రులకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. అయితే ఆ చర్చ లోపలికి వెళ్లినకొద్దీ, మన సాహిత్యోద్యమంలో మొదటినుంచీ నలుగుతున్న ఒక సమస్యనే వాళ్లు వేరే పేర్లతో తర్కించుకుంటున్నారని అర్థమయింది. ఆ సమస్య: ఓడిపోయిన పోరాటాన్ని కథలో ఎలా ముగించాలి?

ధారావాహిక పేరు ‘బ్లేక్స్ సెవెన్’. బి.బి.సి. టెలివిజన్‌లో 1978 జనవరి 2న మొదలై 1981 డిసెంబరు 21న ముగిసింది. నాలుగు భాగాలు, ఒక్కొక్క భాగంలో 13 చొప్పున మొత్తం 52 ఎపిసోడ్లు. సృష్టికర్త టెర్రీ నేషన్. మొదటి భాగంలోని 13 ఎపిసోడ్లనూ ఆయనే రాశారు. స్క్రిప్టు ఎడిటర్ క్రిస్ బౌచర్. ఖర్చు తక్కువ; గోడలు అట్టముక్కలని తెలిసిపోతూనే ఉంటుంది. అయినా ఇతివృత్తం తేలికైనది కాదు.

భవిష్యత్తులో ఎప్పుడో, ఫెడరేషన్ అనే రాజ్యం అనేక గ్రహాలను పాలిస్తూ ఉంటుంది. భూమిమీద ప్రజలు మూసివున్న నగరాల్లో బతుకుతుంటారు. తిరగబడకుండా వాళ్ల తిండిలో, నీళ్లలో మందు కలుపుతారు. రోజ్ బ్లేక్ ఒక సామాన్య పౌరుడు. తాను ఒకప్పుడు ప్రతిఘటనోద్యమ నాయకుణ్ణని, పట్టుబడిన తరువాత తన జ్ఞాపకాలను చెరిపేసి, తప్పు ఒప్పుకున్నట్టు తనచేతనే బహిరంగంగా చెప్పించారని అతనికి మొదటి ఎపిసోడ్‌లో తెలుస్తుంది. నగరం వెలుపల రహస్య సమావేశానికి వెళితే అక్కడున్నవాళ్లందరినీ సైనికులు కాల్చి చంపుతారు. బతికి బయటపడిన బ్లేక్‌ను రాజకీయ ఖైదీగా విచారిస్తే అమరవీరుడవుతాడు. కనుక పసిపిల్లలమీద అత్యాచారం చేశాడని దొంగ సాక్ష్యాలు పుట్టించి, ఖైదీల గ్రహానికి పంపుతారు. నిజం కనిపెట్టిన న్యాయవాదినీ, అతని భార్యనూ చంపేస్తారు. రాజ్యం తన వ్యతిరేకిని హతమార్చడంకన్నా ముందు అతని మంచిపేరును హతమారుస్తుందన్న సత్యాన్ని ఇంత నిక్కచ్చిగా చెప్పిన తొలి ఎపిసోడ్లు టెలివిజన్‌లో ఎక్కువ లేవని నా అభిప్రాయం.

ఆ ఖైదీల ఓడనుంచే బ్లేక్ తప్పించుకుంటాడు. అతనితో చేరినవాళ్లు విప్లవకారులు కారు. బ్యాంకును కంప్యూటర్‌తో దోచుకోబోయి దొరికిపోయిన ఏవన్, తాళాలు తీయడంలో ఆరితేరిన పిరికిదొంగ విలా, స్మగ్లింగ్ చేసిన జెన్నా, ఇలాంటివాళ్లు. ఎవరూ లేని ఒక పెద్ద అంతరిక్షనౌక దొరికితే దానికి ‘లిబరేటర్’ అని పేరు పెట్టుకుని ఫెడరేషన్‌తో తలపడతారు. రెండు భాగాల తరువాత బ్లేక్ పాత్రధారి గారెత్ థామస్ ధారావాహికను విడిచి వెళ్లారు. అప్పటినుంచి నాయకత్వం ఏవన్ చేతికి వచ్చింది. ఏ ఆదర్శాన్నీ నమ్మనని చెప్పుకునే ఏవన్ చేతికి ఒక ఆదర్శం వారసత్వంగా రావడంలోనే ఈ కథకున్న బలమంతా ఉంది.

చివరి ఎపిసోడ్ పేరు ‘బ్లేక్’. రచన క్రిస్ బౌచర్, దర్శకత్వం మేరీ రిడ్జ్. ఫెడరేషన్ కొత్త మత్తుమందుతో గ్రహాలను ఒక్కొక్కటిగా లొంగదీసుకుంటూ ఉంటుంది. దాన్ని ఎదిరించడానికి ఏవన్ అంతకుముందు వారం ఎపిసోడ్‌లోనే కొందరు యుద్ధప్రభువులను కూడగడతాడు. వాళ్లలో ముఖ్యుడైన జూకన్ ద్రోహం చేస్తాడు, స్థావరం నాశనమవుతుంది. తిరుగుబాటుకు ఒక పేరు కావాలి, జనం నమ్మే ముఖం కావాలి అని ఏవన్ బ్లేక్‌ను వెతుక్కుంటూ గౌడా ప్రైమ్ అనే గ్రహానికి బయలుదేరతాడు. అక్కడ బ్లేక్ తలలకు వెలగట్టి పట్టిచ్చే వేటగాడిలా వేషం వేసుకుని, నమ్మదగినవాళ్లను రహస్యంగా పరీక్షించి తన దళంలో చేర్చుకుంటూ ఉంటాడు. ఈ పరీక్షను టారెంట్ అనే యువకుడు నిజమైన ద్రోహమనుకుని ఏవన్‌కు అదే చెబుతాడు. ‘మమ్మల్ని అమ్మేశావా?’ అని ఏవన్ అడుగుతాడు. బ్లేక్ ఇచ్చిన సమాధానం రెండర్థాలకు తావిచ్చేది. పైగా అతడు మాట్లాడుతూ ముందుకు అడుగు వేస్తాడు. ఏవన్ కాలుస్తాడు. బ్లేక్ పరీక్షించి చేర్చుకున్న ఆర్లెన్ అనే అమ్మాయే ఫెడరేషన్ అధికారి అని ఆ వెంటనే బయటపడుతుంది. సైనికులు చుట్టుముడతారు. అందరూ ఒకరి తరువాత ఒకరు పడిపోతారు. బ్లేక్ శవాన్ని దాటి నిలబడి ఏవన్ తుపాకి ఎత్తి నవ్వుతాడు. తెర నల్లబడుతుంది, కాల్పుల శబ్దం వినిపిస్తుంది. క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు బ్రిటిష్ ప్రేక్షకులు చూసిన దృశ్యమిది.

1984లో ‘ఆఫ్టర్‌లైఫ్’ అనే నవల వచ్చింది. రచయిత టోనీ ఆట్‌వుడ్. ధారావాహికను గురించిన వివరాలన్నీ క్రోడీకరించిన పరిచయగ్రంథం ఆయన అంతకుముందే రాసివున్నారు. కనుక ఆయన బయటివాడు కాదు, విషయం క్షుణ్ణంగా తెలిసినవాడు. గౌడా ప్రైమ్‌లో కాల్పులు ఆగిన తరువాత ఏమైందన్నది ఈ నవల వస్తువు. ఏవన్, విలా బతికివుంటారు. కోరెల్ అనే కొత్త స్త్రీ పాత్ర, కాట్ అనే కొత్త కంప్యూటరు ప్రవేశిస్తాయి. కథంతా చెప్పడం నా ఉద్దేశం కాదు. దాన్ని చదివినవాళ్లు ఏమి తర్కించుకున్నారన్నది ముఖ్యం.

ఇక్కడ అభిమానులంటే ఎవరో చెప్పవలసి ఉంది. మనకు అభిమాని అనగానే సినిమాహాలు ముందు కటౌట్‌కు పాలాభిషేకం చేసేవాడు గుర్తుకొస్తాడు. వీళ్లు ఆ రకం కాదు. అమెరికాలో 1966 నుంచి 1969 వరకు ప్రసారమైన ‘స్టార్ ట్రెక్’ అభిమానులు 1967 నాటికే సొంత పత్రికలు వేసుకున్నారు. టైపు చేసి, నకళ్లు తీసి, తపాలాలో పంపుకునే పత్రికలవి. మన ఊళ్లలో నడిచిన లిఖితపత్రికలనూ, సైక్లోస్టైల్ పత్రికలనూ ఎరిగినవారికి ఆ వాతావరణం అర్థమవుతుంది. రచయితల్లోనూ పాఠకుల్లోనూ స్త్రీలే ఎక్కువ. వాళ్లు కథలు రాయడమే కాదు, ఆ కథలకు విమర్శ కూడా పుట్టించుకున్నారు. 1973లో పౌలా స్మిత్ అనే ఆమె అలాంటి పత్రికలో ఒక చిన్న వ్యంగ్యకథ రాసింది. అందులో పదిహేనున్నర ఏళ్ల మేరీ సూ అనే అమ్మాయి ఓడలో అడుగుపెట్టగానే అందరూ ఆమెను మెచ్చుకుంటారు, ఆమే అందరినీ కాపాడుతుంది, చివరికి అందరినీ ఏడిపించి చనిపోతుంది. రచయిత తన పగటికలను పాత్రగా చేసి కథలోకి దూర్చడమనే లోపానికి ‘మేరీ సూ’ అన్నది నేటికీ పారిభాషికపదంగా నిలిచింది. ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వని పదమది.

‘బ్లేక్స్ సెవెన్’ అభిమానుల్లో చివరి ఎపిసోడ్ తరువాతి కథలు ఒక ప్రత్యేకశాఖగా పెరిగాయి. ‘పోస్ట్ గౌడా ప్రైమ్’ అన్న మాటల మొదటి అక్షరాలు కలిపి ‘పి.జి.పి.’ అంటారు. కనుక ‘ఆఫ్టర్‌లైఫ్’ అచ్చులో వచ్చేసరికి అది ఖాళీస్థలంలోకి రాలేదు. పాఠకులు అప్పటికే రాసుకుంటున్న ముగింపుల మధ్యకు వచ్చింది. అచ్చునవలకు అనుమతిపత్రం ఉంది, వాళ్ల కథలకు లేదు. అయితే అనుమతి వేరు, అంగీకారం వేరు. అనుమతిని హక్కుదారు ఇస్తాడు, అంగీకారాన్ని పాఠకుడు ఇవ్వాలి.

ఈ అంగీకారాన్ని గురించిన చర్చలో ‘కానన్’ అన్న మాట తరచుగా వస్తుంది. మతగ్రంథాల్లో ఏవి ప్రామాణికమో, ఏవి కావో నిర్ణయించడానికి పుట్టిన మాట. దాన్ని షెర్లాక్ హోమ్స్ కథల అభిమానులు సగం హాస్యంగా, సగం నిజంగా తమ సాహిత్యానికి తెచ్చుకున్నారు. 1893లో కోనన్ డాయిల్ హోమ్స్‌ను జలపాతంలో పడవేసి చంపాడు. పాఠకుల కోరికకూ, ప్రచురణకర్తల డబ్బుకూ తలవొగ్గి 1903లో మళ్లీ బతికించాడు. రచయిత స్వయంగా చేస్తే ఆ పునర్జన్మ కానన్ అయింది, ఇతరులు చేస్తే అనుకరణ అయింది. టెలివిజన్ ధారావాహికకు ఇలాంటి ఏకైక రచయిత లేడు. అనేకమంది రచయితలు, దర్శకులు, నటులు కలిసి చేసిన పని అది. అలాంటప్పుడు దాన్ని కొనసాగించే హక్కు ఎవరిది? ఏవన్ పాత్రధారి పాల్ డారో 1989లో ఏవన్ పూర్వకథను నవలగా రాశారు. 2013లో ‘లూసిఫర్’ పేరుతో గౌడా ప్రైమ్ తరువాతి ఏవన్ కథను కూడా రాశారు. ‘ఆఫ్టర్‌లైఫ్’ చెప్పిన తరువాతి కథ ఒకటి, ‘లూసిఫర్’ చెప్పినది మరొకటి. రెండూ అచ్చయినవే. వీటిలో ఏది ‘జరిగింది’? ఈ ప్రశ్నకు చట్టం జవాబు చెప్పలేదు, చదివినవాళ్లే చెప్పాలి.

అభిమానుల వాదాలను పరిశీలిస్తే అవి మూడు మెట్లమీద నడుస్తున్నాయని నాకు అనిపించింది.

మొదటి మెట్టు సాక్ష్యాల లెక్క. ఎవరు బతికారు, ఎవరు చచ్చారు? చివరి దృశ్యంలో బ్లేక్ ఒంటిమీద మాత్రమే నెత్తురు స్పష్టంగా కనిపిస్తుంది. తన పాత్ర చావులో అనుమానానికి తావుండకూడదని గారెత్ థామస్ కోరుకున్నారు. మిగిలినవాళ్లు పడిపోవడం కనిపిస్తుందే తప్ప గాయాలు కనిపించవు. కనుక సైనికుల తుపాకులు స్పృహ తప్పించేవేనని ఒక వాదం. రెండవ భాగంలో బ్లేక్‌కు అచ్చుగుద్దినట్టుండే నకలు మనిషిని తయారుచేశారు కనుక చచ్చినవాడు ఆ నకలేనని ఇంకొక వాదం. మూడవ భాగం చివర బ్లేక్ చనిపోయాడని ఫెడరేషన్ అధినేత్రి సర్వలాన్ చెప్పింది అబద్ధమని తేలింది కదా, తెరమీది చావును నమ్మడమెలా అని మరొక వాదం. ఇదంతా పిల్లల ఆటలా కనిపించవచ్చు. కాని గమనించండి: ప్రతివాదీ పాఠంలోనుంచే ఆధారం చూపుతున్నాడు. పాఠాన్ని పదిసార్లు చూడకుండా నోరెత్తడం లేదు. మూలాన్ని తెరవకుండానే సమీక్షలు రాసే మనలో కొందరికి ఈ క్రమశిక్షణ అవసరమే.

రెండవ మెట్టు పాత్రౌచిత్యం. నవలలోని ఏవన్ నిజంగా ఏవనేనా? స్నేహితుణ్ణి తన చేతులతో చంపినవాడు మరునాడు ఎలా మాట్లాడతాడు? అసలు మాట్లాడగలడా? కొత్త ఓడా, కొత్త యంత్రమూ, కొత్త తోడూ దొరికితే అతడు పాత ఏవన్‌లాగే చురకలు వేస్తూ తిరగగలడా? ఇది మొదటిదానికన్నా లోతైన ప్రశ్న. ‘ఆఫ్టర్‌లైఫ్’ చదివినప్పుడు నాకు కలిగిన అసంతృప్తి కూడా ఇక్కడిదే. పోయినవాళ్ల చోట్లలో కొత్తవాళ్లు వచ్చి కూర్చున్నారు. పంక్తి మళ్లీ నిండింది. పంక్తిలో ఖాళీని ఖాళీగా ఉంచి, దానితో బతకడమెలాగో చెప్పివుంటే అది వేరే నవల అయ్యేది.

మూడవ మెట్టు అన్నిటికన్నా ముఖ్యమైనది. అసలు కొనసాగించవచ్చునా? చావు నిజమైతేనే ఆ ముగింపుకు అర్థం ఉంది, ఎవరినైనా బతికించడం ఆ ఓటమిని రద్దుచేయడమే అని ఒక పక్షం. ఓటమితో ఆపితే రాజ్యమే అజేయమని చెప్పినట్టవుతుంది, పోరాటం కొనసాగిందని ఎవరో చెప్పాలి అని రెండవ పక్షం. అభ్యుదయ సాహిత్యంతో పరిచయమున్న ఎవరికైనా ఈ వాదం కొత్తది కాదు.

కొనసాగింపు కూడా మనకు కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలిన భారతాన్ని తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన భాగాన్ని ఎర్రన పూరించి, నన్నయ పేరిటే రాజరాజనరేంద్రునికి అంకితం చేశాడు. ఇది మూలకర్త స్వరంలోకి వెళ్లి పూర్తిచేసే పద్ధతి. ఆధునికకాలంలో మరొక పద్ధతి కనిపిస్తుంది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ తరువాత ‘గంగు’ను పూర్తిచేయకుండానే 1961లో కన్నుమూశారు. తెలంగాణ జనజీవన చరిత్రను నవలల వరుసగా చెప్పాలన్న ఆ పనిని దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’తో మొదలుపెట్టి ముందుకు తీసుకువెళ్లారు. ఆళ్వారుస్వామి పాత్రలను ఆయన బతికించలేదు, ఆయన శైలిని అనుకరించలేదు. ఆయన కొనసాగించింది కథను కాదు, పనిని. ఈ తేడాను మనసులో పెట్టుకుని మళ్లీ గౌడా ప్రైమ్‌కు వద్దాం.

అంతకుముందు నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక కథా శిబిరంలో ఒక యువకుడు తన కథ చదివాడు. ఉత్తరాంధ్రలో ఒక జూట్ మిల్లులో సమ్మె. నెలల తరబడి సాగి విరిగిపోయింది. చివరి దృశ్యంలో కార్మికులు గేటు దగ్గర వరుసలో నిలబడి క్షమాపణ పత్రంమీద ఒక్కొక్కరే సంతకం పెట్టి లోపలికి వెళతారు. కథ బాగుంది, ముగింపు నిరాశాజనకంగా ఉంది అన్నాను నేను. చివర ఒక ఊరేగింపు పెట్టమన్నాను. శిబిరంలో నా మాటకు విలువ ఉండేది. అతడు ముగింపు మార్చాడు, కథ అచ్చయింది. మరుసటి ఏడు కలిసినప్పుడు అతడు నెమ్మదిగా అన్నాడు: “ఆ ఊరేగింపు జరగలేదు మాస్టారూ. మా నాన్న సంతకం పెట్టాడు.” ఆ తరువాత అతడు కథలు రాసినట్టు నేను చూడలేదు.

ఆనాడు నేను చేసింది ఏమిటి? ఒక బలహీనమైన కొనసాగింపు నవల చేసే పనే చేశాను. ఓటమిని ఓటమిగా చూడలేక దాని మీద మరొక దృశ్యం అతికించాను. ఎంగెల్స్ 1885లో మిన్నా కౌట్‌స్కీకి రాసిన ఉత్తరంలో, రచయిత మొగ్గు సన్నివేశంనుంచీ, చర్యనుంచీ దానంతటదే తేలాలి గాని వేలుపెట్టి చూపించనక్కరలేదన్నాడు. తాను చిత్రించిన సంఘర్షణకు రాబోయే పరిష్కారాన్ని పాఠకుడి చేతిలో పెట్టవలసిన బాధ్యత కూడా రచయితకు లేదన్నాడు. ఆ ఉత్తరాన్ని నేను తరగతుల్లో పాఠంగా చెప్పినవాణ్ణి. గోర్కీ ‘అమ్మ’ చివర నీలోవ్నాను రైల్వేస్టేషన్లో పోలీసులు గొంతు పట్టుకుని నులుముతారు. ఆ పుస్తకం ఎవరినీ నిరాశపరచలేదు. ఎందుచేత? ఆమె ఎందుకు అక్కడికి వచ్చిందో, ఆమెను ఎవరు కొడుతున్నారో, ఆ కరపత్రాలు ఎవరి చేతుల్లోకి వెళ్లాయో మనకు తెలుసు కనుక. ఓటమి నిరాశ కాదు. కారణం తెలియని ఓటమి నిరాశ.

మరి గౌడా ప్రైమ్ ఓటమికి కారణమేమిటి? ఏవన్ తొందరపాటు, బ్లేక్ అతిరహస్యం అని పైకి కనిపిస్తుంది. ఇంకొంచెం లోపలికి చూడాలి. లిబరేటర్‌లో తిరిగినన్నాళ్లూ ఈ తిరుగుబాటు కొద్దిమంది సాహసులది. వాళ్లు దాడి చేస్తారు, మాయమవుతారు; ఏ గ్రహంమీది జనంతోనూ వాళ్లకు నిలకడైన సంబంధం లేదు. బ్లేక్ పోయిన తరువాత ఏవన్ మిత్రుల కోసం వెతికింది యుద్ధప్రభువుల్లో. వాళ్లు అమ్మేసిన తరువాత వెతికింది ఒక నాయకుడి ముఖం. జనం నుంచి విడివడిన దళానికి మిగిలేది పరస్పర అనుమానమే. ఎవరు మనవాడో చెప్పడానికి చుట్టూ జనం లేనప్పుడు పరీక్షలు పెట్టుకోవాలి. ఆ పరీక్షలోనే ఆర్లెన్ నెగ్గింది, ఏవన్ ఓడాడు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఆ గ్రహం కథ. చివరి ఎపిసోడ్‌లో కొద్ది మాటల్లో చెప్పి వదిలేసిన కథ అది. గౌడా ప్రైమ్ ఒకప్పుడు వ్యవసాయ గ్రహం. నేల కింద ఖనిజాలు బయటపడ్డాయి. పొలాలు రైతుల పేర చట్టబద్ధంగా ఉన్నాయి. అందుకని ఆ గ్రహాన్ని ‘ఓపెన్ ప్లానెట్’గా, అంటే ఏ చట్టమూ వర్తించని నేలగా ప్రకటించారు. చట్టం లేకపోతే నేరమూ లేదు. గనుల కంపెనీల తరఫున వచ్చిన కిరాయి తుపాకులు రైతులను చంపి నేలను ఖాళీచేయించాయి. పని పూర్తయిన తరువాత మళ్లీ చట్టం కావలసివచ్చింది; ఇప్పుడు నేరస్థులను ఏరిపారేయడానికి వేటగాళ్లను పిలిచారు. ఏవన్ దళంలోని సూలిన్ అక్కడి పిల్లే. ఆమె కుటుంబాన్ని ఆ రోజుల్లోనే చంపేశారు. తుపాకి పట్టడం నేర్చుకుని ఆమె ఆ గ్రహాన్ని వదిలిపోయింది. చివరికి ఆ గ్రహంమీదే పడిపోయింది.

ఈ కథను తెలుగు పాఠకుడికి ప్రత్యేకంగా వివరించవలసిన పని లేదు. నేల కింద ఏదో ఉందని తెలిసిన మరునాటినుంచి నేల మీది మనిషి అడ్డంగా కనిపించడం మనం ఎరిగినదే. అయితే నేను చూసినంతవరకు కొనసాగింపును గురించిన తగవుల్లో ‘ఏవన్ బతికాడా?’ అన్న ప్రశ్నకు దొరికిన స్థలంలో పదోవంతు కూడా ‘గౌడా ప్రైమ్ రైతులు ఏమయ్యారు?’ అన్న ప్రశ్నకు దొరకలేదు. తప్పు అభిమానులది మాత్రమే కాదు. ధారావాహిక కూడా తుపాకి పట్టిన ఏడుగురిమీదే కెమెరా పెట్టింది. అచ్చు నవలలూ ఆ ఏడుగురిలోనుంచే మిగిలినవాళ్లను ఏరుకున్నాయి. నా దృష్టిలో ‘బ్లేక్స్ సెవెన్’కు రాయవలసిన కొనసాగింపు ఇంకా మిగిలే ఉంది. అందులో ఏవన్ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కాల్పుల శబ్దం దూరంగా విన్న ఒక రైతు కుటుంబం ఉండాలి.

ఇది జరగని పని అని ఎవరైనా అనవచ్చు. నవల టెలివిజన్ చూడనిచోటికి చూపు తిప్పగలదని నిరూపించినవారు ఆ దేశంలోనే ఉన్నారు. ‘డాక్టర్ హూ’ అనే ధారావాహికకు రచనలు చేసిన మాల్కమ్ హల్క్ బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడుగా ఉన్నవారు. 1970లో తెరకు రాసిన తన కథను 1974లో నవలగా మార్చినప్పుడు, తెరమీద వింతజంతువులుగా కనిపించిన ప్రాచీన సరీసృపజాతి వైపునుంచి దాన్ని ప్రారంభించారు. ఈ భూమి తమదేనని, మనుషులే ఆక్రమణదారులని ఆ జాతి అనుకోవడంలోని న్యాయం మొదటి పుటల్లోనే పాఠకుడికి తెలుస్తుంది. రబ్బరు తొడుగుల ఖర్చు నవలకు లేదు. మనసులోకి వెళ్లే దారి ఉంది.

అదే ధారావాహిక 1989లో ఆగిపోయినప్పుడు, 1991 నుంచి 1997 వరకు 61 నవలలు దాన్ని కొనసాగించాయి. ప్రచురణకర్తలు కొత్తవాళ్ల రాతప్రతులకు తలుపు తెరిచివుంచారు. అభిమానులుగా తగవులాడినవాళ్లే రచయితలయ్యారు. 1995లో పాల్ కార్నెల్ రాసిన ‘హ్యూమన్ నేచర్’లో కాలయాత్రికుడైన కథానాయకుడు తానెవరో మరిచిపోయి మామూలు మనిషిగా, 1914లో ఒక ఇంగ్లీషు బడిలో ఉపాధ్యాయుడుగా బతుకుతాడు. ఆ బడిలో పిల్లలకు తుపాకి కాల్చడం నేర్పుతుంటారు. కొద్ది నెలల్లో యుద్ధం వస్తుందని చదివేవాళ్లకు తెలుసు, వాళ్లకు తెలియదు. శత్రువును ఎలా చంపాలన్న పాత ప్రశ్న పోయి, పిల్లలను చంపడానికి తయారుచేసే సమాజం ఏమిటన్న ప్రశ్న ముందుకు వచ్చింది. 2005లో ధారావాహిక తిరిగి మొదలైనప్పుడు దాన్ని నడిపించిన రసెల్ టి. డేవిస్ కూడా 1996లో ఆ నవలల వరుసలో ఒకటి రాసినవారే. 2007లో కార్నెల్ తన నవలను తానే తెరకు మార్చి రాశారు. కొనసాగింపు మూలాన్ని మార్చిన ఉదాహరణ ఇది.

కనుక కొనసాగింపు నవలను కొలవడానికి మనకు కావలసింది కానన్ కాదు. పాత్రలు ఎన్ని మిగిలాయన్న లెక్కా కాదు. మూలం లేవనెత్తి వదిలిపెట్టిన ప్రశ్నను అది అందుకున్నదా, లేక పాఠకుడి దుఃఖాన్ని ఊరడించి ఆ ప్రశ్నను మూసివేసిందా అన్నదే కొలత. ఊరడింపు నేరమని నేననను. ఇష్టమైనవాళ్లు బతికుండాలని కోరుకోవడం మనిషి గుణం. పి.జి.పి. కథలు రాసుకున్న వందలాదిమంది ఆ కోరికతోనే కలం పట్టారు. పట్టిన తరువాత వాళ్లలో కొందరు, చంపినవాడు ఎలా బతుకుతాడన్న కఠినమైన ప్రశ్నదాకా వెళ్లారు. ప్రేమతో మొదలుపెట్టి విమర్శదాకా వెళ్లడం చదువరికి దగ్గరదారి. సాహిత్య విద్యార్థులు ఈ అభిమానులనుంచి నేర్చుకోవలసింది పాఠంమీది ఆ పట్టుదల. అభిమానులు మననుంచి నేర్చుకోవలసింది, పాఠం అంచున నిలబెట్టిన మనుషులవైపు కూడా చూడడం.

ఇక రచయితలకు చెప్పవలసింది ఒక్కటే. ఓటమిని రాయండి. దాని కారణాన్ని రాయండి. తరువాతి కథ రాయడానికి ఎవరో ఒకరు వస్తారు. వాళ్లకు అబద్ధపు ఊరేగింపును వారసత్వంగా ఇవ్వకండి. ఆ జూట్ మిల్లు కథ అచ్చయిన సంచిక నా దగ్గర ఇప్పటికీ ఉంది. చివరి పేజీని నేను మళ్లీ చదవలేను. గేటు దగ్గర ఆ వరుస ఎక్కడ ఆగిందో, సంతకం పెట్టిన మనిషి ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి కొడుకుతో ఏమి అన్నాడో రాయవలసిన కొనసాగింపు అది. దాన్ని నేను అడ్డుకున్నాను. ఆ మిత్రుడు ఎక్కడ ఉన్నా, ఈ వ్యాసం ఆయన కంట పడితే, ఆ కథను మళ్లీ మొదటి ముగింపునుంచే అందుకోవాలని కోరుతున్నాను.